చెల్లెలమ్మ గుడి దగ్గర ఆయిల్ కడ్డీ

1964 జనవరి 1, కోట

గూడూరులో ఇంజనాయిలు అమ్మే షాపాయన కొత్త సంవత్సరమని ఈ డైరీ చేతిలో పెట్టాడు. ప్రతి పేజీ కిందా వాళ్ళ షాపు పేరే. నాకంటే ఎక్కువ ఆయిలు కొనేవాడు ఈ జిల్లాలో ఎవడున్నాడు గనక! నవ్వుతూ ఇచ్చాడు. నేను నవ్వలేదు.

ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు. అందుకని రాసుకుంటాను. మొదటి పేజీలో ఏదైనా మంచి మాట రాయాలంటారు. మా లారీ మామూలు రోడ్డు మీద పోతే చుక్క ఆయిలు కారదు. వెలికొండల కనుమ ఎక్కితే మాత్రం కక్కుతుంది. ఇదే నాకు తెలిసిన మంచి మాట, చెడ్డ మాట.

జనవరి 5

నిన్న ఎండు చేపల బుట్టలు వేసుకుని రాజంపేట సంతకు పోయి ఇవాళ తిరిగొచ్చాం. మళ్ళీ అదే గొడవ. ఇంజను పక్కన ఊపిరి విడిచే పైపు ఒకటి ఉంటుంది, బ్రీదర్ అంటారు. అందులోంచి పొగ రావాలి. మా బండికి ఏటవాలు ఎక్కేటప్పుడు ఆయిలు వస్తుంది. చాసీ అంతా నల్లగా తడిసిపోయింది. ఎండు చేపల కంపుకి ఇదొకటి తోడు. కాపు ఇంట పుట్టి చేపలు మోస్తున్నానని మా వాళ్ళు ఎటూ మూతి విరుస్తారు. విరుచుకోనీ.

మా పాప ఆనందం ఈ పైపుని బండి ముక్కు అనేది. "నాయనా, బండికి జలుబు జేసింది, తుడువు" అని తన గౌను ఎత్తి తుడవబోయేది. వాళ్ళమ్మ చేతిలో రెండు తినేది.

ఇక రాయను ఇవాళ.

జనవరి 6

కనుమకు ఇటువైపు పాదాన అక్కమ్మ గుడి, అటువైపు పాదాన చెల్లెలమ్మ గుడి. ఎటునుంచి ఎక్కే లారీ అయినా గుడి ముందు ఆగాల్సిందే. ఏటవాలు మొదట్లోనే, ముక్కు పైకెత్తుకుని ఆగుతుంది బండి. చక్రాల కింద రాళ్ళు పెట్టి, టెంకాయ కొట్టి, రేడియేటర్లో నీళ్ళు చూసి, ఇంజనులో ఆయిలు ఎంతుందో కొలిచే కడ్డీ లాగి చూసి, తక్కువైనంత పోసుకుని అప్పుడు ఎక్కుతాం. మా క్లీనరు హజరత్తయ్యన్న ఈ పని పాతికేళ్ళుగా చేస్తున్నాడు. నాకంటే పెద్దవాడు, నా పెళ్ళిలో పందిరి గుంజలు పాతినవాడు.

కోటలో బయలుదేరేటప్పుడు కడ్డీ మీద పై గీత దాకా ఉంటుంది. గుడి దగ్గర చూస్తే కింది గీతకు కూడా రాదు. దారిలోనే తాగేస్తోంది ఈ ముండ. పోస్తాం. కనుమ ఎక్కుతూ కక్కుతుంది. అవతల గుడి దగ్గర మళ్ళీ పోస్తాం. మళ్ళీ కక్కుతుంది.

జనవరి 12

కావలిలో లక్ష్మి పుట్టింటికి పోయొచ్చాను. లక్ష్మి బాగానే ఉంది. మనిషి కొంచెం చిక్కింది, అంతే. మా అత్త వెంకటశేషమ్మ అన్నం పెట్టింది. "తిను నాయనా, నువ్వు తినకపోతే మాత్రం పోయింది తిరిగొస్తదా" అంది. లక్ష్మి లోపలి గదిలోనే ఉంది. తలనొప్పి అనుకుంటాను.

బండి బాగైతే వస్తానని తనే చెప్పింది కదా. మాట తప్పే మనిషి కాదు.

జనవరి 27

గూడూరు షెడ్డులో బండి పెట్టాను. మేస్త్రి పరంజ్యోతి ఇంజను విప్పి, "పిస్టన్ రింగులు అరిగిపోయినాయి కామాక్షయ్యా. కాలిన గాలంతా కిందికి దిగి, ఇంజను అడుగున సంపులోని ఆయిల్ని పైపులోంచి బయటికి తరుముతా ఉండాది" అన్నాడు. కొత్త రింగులు వేస్తున్నాడు. అదే అసలు జబ్బు. నాకు ముందే అనుమానం.

లక్ష్మికి చెప్పాలి. రింగులంటే ఏమిటో ఎట్లా చెప్పాలో ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 2

రింగులు వేసినా కక్కింది.

ఫిబ్రవరి 3

రాయకుండా దాటవేద్దామని చూశాను. కుదరడం లేదు.

కార్తీకంలో, ముసురు పట్టిన వారం. రాజంపేట సంతలో ఉండగా తంతి వచ్చింది. పాపకు గొంతు జబ్బు, వెంటనే రమ్మని. కంఠసర్పి అని తర్వాత తెలిసింది. వాగులు పొంగి కోట బస్సు ఆగిపోయింది. లారీ అయితే ఆ నీళ్ళలో దిగి దాటేది. నెల్లూరు పెద్దాసుపత్రికి పోవాలంటే నా బండి ఒక్కటే దారి. సరుకు సగంలో వదిలేసి బయలుదేరాను.

చెల్లెలమ్మ గుడి దగ్గర హజరత్తయ్యన్న కడ్డీ లాగాడు. కొన మాత్రం తడిసింది. డబ్బాలో చూస్తే చుక్క లేదు, వచ్చేటప్పుడే అంతా అక్కమ్మ దగ్గర పోసేశాం. "అమ్మ మీద భారమేసి పోదాం పా అబ్బయా" అన్నాడాయన. నేను వద్దన్నాను. ఆయిలు లేకుండా ఎక్కితే ఇంజను పట్టేస్తుంది, నడి కనుమలో పట్టేస్తే బండి వెనక్కి దొర్లి లోయలో పడుతుంది, నేనే చచ్చాక పాపను ఎవరు తీసుకుపోతారు అన్నాను. తప్పా? ఏ డ్రైవరైనా అదే అంటాడు.

పొద్దున ఆపిన బండి. ఇంకో లారీ వచ్చి ఆయిలు ఇచ్చేసరికి పొద్దుగూకింది. కోటలో లక్ష్మి పాపను ఒళ్ళో వేసుకుని నా హారన్ కోసం మధ్యాహ్నం దాకా చూసిందట. ఇక రానని తెలిసి ఎద్దుల బండి కట్టించింది. గూడూరు కనబడక ముందే అయిపోయింది.

దినాలు అయ్యాక కావలి పోతూ వాకిట్లో నిలబడి లక్ష్మి అన్న మాట ఇది: "నీ బండి నూనె గార్చకుండా ఆ కొండెక్కిన దినం పిలువు, వస్తా." అంటే బండి బాగైతే వస్తాననే కదా. కోపంతో అన్నా మాట మాటే కదా.

ఫిబ్రవరి 20

పరంజ్యోతి బ్రీదర్ పైపు తీసేసి, పొడుగాటిది పెట్టి, బాతు మెడలా పైకి వంచాడు. మధ్యలో ఒక డబ్బీ, లోపల ఇనుప జల్లెడ. "ఎగిరొచ్చే ఆయిలు జల్లెడకు తగిలి మళ్ళా లోపలికే జారతది. గాలి మాత్రం బయటికి పోతది" అన్నాడు. తెలివైనవాడు. ఈసారి ఖాయం.

ఫిబ్రవరి 23

కొంచెం తక్కువ కక్కింది. కానీ గుడి దగ్గర కడ్డీ మాత్రం ఎప్పటిలాగే తక్కువ చూపించింది. భయానికి ఇంకాస్త ఎక్కువ పోశాం. తిరుగుదారిలో జల్లెడ దాటుకుని మరీ కక్కింది.

దీన్ని పాత ఇనుముకు వేసేస్తాను. వేయను. వేస్తే లక్ష్మిని ఏం చెప్పి పిలవాలి?

మార్చి 8

కావలి. లక్ష్మి బయటికి వచ్చింది. స్తంభానికి ఆనుకుని నిలబడింది. రింగుల సంగతి, పైపు సంగతి, జల్లెడ సంగతి చెప్పాను. చెబుతూనే ఉన్నాను. చాలాసేపు విని, "పాప గౌన్లు పెట్టెలో ఉండాయి, ఎలకలు కొట్టకుండా చూడు" అని లోపలికి పోయింది.

మాట్లాడింది. అది చాలు.

మార్చి 9

పెట్టె తెరిచాను. ఒక గౌను అంచుకి నల్లటి ఆయిల్ మరక ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదది. పెట్టె మూసి దాని మీదే కూర్చుని ఏడ్చాను. చేతులు నొప్పి పుట్టేదాకా మోకాళ్ళు గుద్దుకున్నాను.

ఏప్రిల్ 12

ఇవాళ సంతోషంగా రాస్తున్నాను!

అక్కమ్మకు తిరునాళ్ళు. గుడి ముందంతా జనం. పోలీసులు లారీలన్నిటినీ కిందే, మామిడితోపు పక్కన చదునైన బయల్లో ఆపేశారు. హజరత్తయ్యన్న అక్కడే కడ్డీ లాగి కేకేశాడు. "అబ్బయా, నిండుగా ఉండాదయ్యా! గీతకి ఎంట్రుకంత కూడా తగ్గలా!" ఒక్క చుక్క పోయలేదు. టెంకాయ జనం మధ్యకు దూరి కొట్టి వచ్చాడు. ఎక్కాం. పైన బండి ఆపి పైపు కొన గుడ్డతో తుడిచాను. గుడ్డ తెల్లగానే ఉంది. తిరుగుదారిలో సంత నుంచి వస్తూ చెల్లెలమ్మ దగ్గర కూడా ఆపలేదు, మీద నుంచే దండం పెట్టాం. అప్పుడూ చుక్క కారలేదు.

పరంజ్యోతి బాతు మెడ ఇన్నాళ్ళకు పని చేసింది! బండికి జలుబు తగ్గింది తల్లీ.

ఏప్రిల్ 14

కావలి పోయి చెప్పాను. లక్ష్మి గడప మీద కూర్చుని ఉంది. నేను చెప్పడం పూర్తయ్యాక నా మొహంలోకి చూసింది. కార్తీకం తర్వాత అట్లా చూడటం ఇదే.

"పోయిన వారం హజరత్తయ్యన్న వచ్చి పోయినాడు. ఆ దినం నువ్వు గుడి ముందర తల బాదుకున్నావంట. రోడ్డు మీదికీ గుడికీ తిరగతానే ఉన్నావంట. నాకెవురూ చెప్పలా" అంది. కాసేపటికి, "బండిలో నూనె లేకపోతే నువ్వేం జేస్తావయ్యా. నేనే నిన్ను అనరాని మాటలన్నా. నూనె లేదు, అంతే. నా రాత" అంది.

మా అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వచ్చే వారం దిగబెడతామన్నారు.

ఇల్లు కడిగించాలి. లక్ష్మికి ఈ గోడల మసి గిట్టదు.

ఏప్రిల్ 19

తిరునాళ్ళు అయిపోయాయి. మళ్ళీ మామూలుగా గుడి ముందే ఆపాం. కడ్డీ తక్కువ చూపించింది.

కోటలో నిండుగా ఉన్నది. బండి కింద ఎక్కడా చుక్క లేదు. హజరత్తయ్యన్న అలవాటుగా డబ్బా మూత తీశాడు. ఆగన్నా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. రాళ్ళు తీయించి బండిని వెనక్కి, మామిడితోపు బయలు దాకా దించాను. కాసేపు ఆగి కడ్డీ లాగాను.

నిండుగా ఉంది.

మళ్ళీ గుడి ముందుకు ఎక్కించాను. తక్కువ. మళ్ళీ దించాను. నిండుగా. హజరత్తయ్యన్న డబ్బా కింద పెట్టేసి, గట్టు మీద కూర్చుని, "ఇదేంది సామీ, ఇదేంది సామీ" అంటున్నాడు.

ఏప్రిల్ 20

ఏమీ లేదు.

ఏప్రిల్ 21

బండి ముక్కు పైకెత్తితే సంపులో ఆయిలు వెనక్కి పోతుంది. కడ్డీ ఉన్నది ముందు వైపు. అంతే. పిల్లకాయ కూడా చెప్పగలడు, చెంబు వంచితే నీళ్ళు ఎటు పోతాయో. సముద్రం ఒడ్డున చదును నేల మీద పుట్టిపెరిగిన వాళ్ళం, నేల వంగితే కడ్డీ అబద్ధం చెబుతుందని మాకు తోచలేదు. గుడి దగ్గరే చూడటం ఆనవాయితీ, చూశాం. తక్కువ లేనిదానికి తక్కువనుకుని పోశాం. ఎక్కువైంది ఎక్కువైనట్టు పైపులోంచి బయటికి తన్నేసింది. రింగులు కాదు, పైపు కాదు. మేం పోసిందే అది కక్కింది. ఇంజనుకు కావలసింది ఎప్పుడూ లోపలే ఉంది.

ఎప్పుడూ లోపలే ఉంది.

ఆ రోజు కూడా.

ఏప్రిల్ 22

హజరత్తయ్యన్న వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. లేచి పోయేటప్పుడు, "పోదాం పా అన్నానయ్యా ఆ దినం" అన్నాడు. నన్ను అనలేదు, తనకు తనే చెప్పుకున్నాడు. నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను.

లక్ష్మికి చెప్పను. చెప్పి సాధించేదేముంది? నూనె లేదు, నా రాత అని సరిపెట్టుకుంది. ఆ మాట పట్టుకుని మనిషి లేచి నిలబడుతోంది. చెప్పను.

ఏప్రిల్ 24

లక్ష్మి వచ్చింది. వస్తూనే పొయ్యి అలికింది. చింతకాయ పచ్చడి నూరింది. నేను తినేదాకా పక్కనే కూర్చుని విసిరింది.

ఏప్రిల్ 28

లక్ష్మి పాప పెట్టె తెరిచి గౌన్లు ఎండలో వేసింది. ఏడవలేదు. "ఈ మరక చూడు, నీ బండిదే" అని నవ్వబోయింది. నేను పని ఉందని బయటికొచ్చేశాను. ఏ పనీ లేదు. రోడ్డు చివరిదాకా నడిచి తిరిగొచ్చాను.

"నువ్వెందుకట్లుండావు? నేనొచ్చినాను గదా" అంది. తన చేత్తో పెట్టే అన్నం సయించడం లేదు.

మే 1

"ఈసారి నేనూ వస్తా. నువ్వా దినం నిలబడిన చోటు జూడాల. ఆ తల్లికి టెంకాయ కొట్టాల" అంది. వద్దంటే విన్లేదు. హజరత్తయ్యన్న నా వంక చూసి తల వంచుకున్నాడు.

మే 4

అన్నీ రాస్తాను. ఒక్కటి కూడా వదలను.

పోయేటప్పుడు అక్కమ్మ దగ్గర లక్ష్మే టెంకాయ కొట్టింది. మేం బానెట్ ఎత్తలేదు. కోటలోనే చూశాం అన్నాను, సరే అంది. తిరుగుదారిలో, ఇవాళ పొద్దున, చెల్లెలమ్మ గుడి ముందు బండి ఆపాను. దిగింది. గుడి చూసింది, రోడ్డు చూసింది. "యాడ నిలబడినావు?" అంది. చూపించాను. అక్కడ వేపచెట్టు కింద తను కూడా కాసేపు నిలబడింది. నేను అరుగు మీద తల బాదుకున్న చోట చేత్తో తడిమింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "నూనె లేదు. ఇంకేం జేస్తావు. నువ్వు పాపం జేయలేదయ్యా" అంది.

అప్పుడు చెప్పేశాను. ఎందుకు చెప్పానో దేవుడికే తెలియాలి. ఆ చెయ్యి అట్లా పట్టుకుని ఉంటే నోరు మూసుకుని ఉండటం నావల్ల కాలేదు.

"ఉండింది లక్ష్మీ" అన్నాను.

"ఏంది?"

"నూనె. ఆ దినం కూడా ఉండింది."

అర్థం కాలేదు ఆమెకు. బానెట్ ఎత్తి కడ్డీ లాగాను. కొన మాత్రం తడిసింది. "లేదు గదా" అంది. కడ్డీ నా చేతిలోంచి తీసుకుని పైట చెంగుతో తుడిచి, తనే లోపల పెట్టి, తనే లాగి చూసింది. "లేదు గదయ్యా! ఇది జూస్తే ఎవురైనా ఆపుతారు. నేనైనా ఆపేదాన్నే!"

ఆమెను ఎక్కించుకుని బండిని వెనక్కి, చదునైన చోటికి దించాను. ఆయిలు సర్దుకునేదాకా ముగ్గురం కూర్చున్నాం. దిగి కడ్డీ లాగి ఆమె చేతిలో పెట్టాను. పై గీత దాకా నల్లగా మెరుస్తోంది.

చాలాసేపు దాన్నే చూసింది. ఆయిలు కడ్డీ మీది నుంచి జారి ఆమె వేళ్ళ మీదికి, గాజుల మీదికి వచ్చింది. హజరత్తయ్యన్న దూరంగా పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

"నీ మీద కోపం పట్టుకోని కొన్నాళ్ళు బతికినా. నూనె లేదు అనేది పట్టుకోని కొన్నాళ్ళు బతికినా. ఇప్పుడు దేన్ని పట్టుకోని బతికేది?" అంది. అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నాకెందుకు జెప్పినావయ్యా" అని ఒక్కటే అడిగింది.

నేను కడ్డీ తీసుకుని లోపల పెట్టేశాను.

టెంకాయ కొట్టలేదు. అది సీటు కింద దొర్లుతూనే ఉంది కనుమంతా. పైన ఆపి చూడలేదు గాని, నాకు తెలుసు, పైపు పొడిగానే ఉంటుంది. గూడూరులో దింపమంది. "నువ్వు చెడ్డోడివి గాదు. ఆ కడ్డీ జూస్తే నేనైనా ఆపుతాను, అది అబద్ధం గాదు. కానీ నీ మొహం జూసినప్పుడల్లా నాకది కనపడతది. నిండుగా ఉండే కడ్డీ" అంది. కావలి రైలెక్కించాను. బోగీలో అటువైపు కూర్చుంది. ఆమె చేతికి ఆయిల్ మరక అట్లాగే ఉంది, తుడుచుకోలేదు.

మే 5

పరంజ్యోతి అడిగాడు, పైపు ఎట్లా పని చేస్తోందని. బాగుంది అన్నాను. బతికినంతకాలం గుర్తు పెట్టుకుంటావులే అని నవ్వాడు.

మే 17

హజరత్తయ్యన్న కనుమ దారిన పోయే డ్రైవర్లందరికీ చెబుతున్నాడు, కిందే చదునులో చూసుకోండి, గుడి కాడ చూడొద్దండి అని. కొందరు విన్నారు. కొందరు అమ్మవారి దగ్గర చూడకుండా ఎట్లా అని తిట్టారు. ఆయన మానడు. ఎండలో నిలబడి చేతులు అడ్డం పెట్టి మరీ ఆపుతున్నాడు.

మే 31

మా బండి ఇప్పుడు చుక్క కార్చదు. కొత్త బండిలా ఉంది.

అయినా ప్రతి వారం తిరిగొచ్చేటప్పుడు చెల్లెలమ్మ గుడి ముందు, సరిగ్గా ఆ ఏటవాలు మీదే ఆపుతాను. హజరత్తయ్యన్న ఏమీ అనడు, చక్రాల కింద రాళ్ళు పెడతాడు. నేను దిగి కడ్డీ లాగి చూస్తాను. అక్కడ ఆయిలు లేదనే చూపిస్తుంది. కొన మాత్రం తడి. చూస్తూ కాసేపు నిలబడతాను. లేదు, ఏం జేస్తావు అనుకుంటాను. తర్వాత తుడిచి లోపల పెట్టేసి బండి ఎక్కుతాను.